బాటపై మొదటి హక్కు ఎవరిది?

నగరాల నడిబొడ్డులోనికి కార్లను రానీయవచ్చునా అన్న చర్చ నేడు అనేక దేశాలలో సాగుతున్నది. స్పెయిన్‌లోని పొంటెవెడ్రా ఇందుకు చక్కని ఉదాహరణ. దాదాపు 80 వేల జనాభా గల ఆ నగరం 1999 నుండి తన పాత వీధులను క్రమక్రమంగా పాదచారులకు అప్పగించింది. అయితే దారిని పూర్తిగా మూసివేయలేదు. అక్కడి నివాసులకు, సరుకుల బండ్లకు, అంబులెన్సులకు అనుమతి ఉంచింది. నగరపు అంచున కార్లు ఉచితంగా నిలుపుకొనే స్థలాలు ఏర్పరచింది.

మన హైదరాబాదులోనూ 1591 నాటి చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి, రాతి పలకలు పరిచారు. బిడ్డ చేయి పట్టుకొని లాడ్ బజారుకు వెళ్లే తల్లికి అది గొప్ప ఊరట. కాని మోకాళ్ల నొప్పితో మక్కా మసీదుకు వచ్చే వృద్ధుడు ఎక్కడ దిగాలి? దుకాణదారుని సరుకు ఏ వేళకు చేరాలి? ఈ ప్రశ్నలు అడిగినవారిని మార్పుకు విరోధులుగా చూడరాదు.

వీధిపై మొదటి హక్కు నడిచేవారిదేనని మేము భావిస్తున్నాము. బలవంతుని నుండి దారి తీసుకొని బలహీనునికి ఇవ్వడం న్యాయమే. అయితే నడవలేనివాడు అందరికన్నా బలహీనుడు. నిషేధపు బోర్డు నాటకముందే అతనికి దారి చూపాలి. అప్పుడే ఆ న్యాయం సంపూర్ణమవుతుంది.