టీకా రోజున చూడి ఆవును కొండకు తోలేస్తే దూడ దక్కుతుందా?



సెలవులకు ఊరెళ్లినప్పుడు మనలో చాలామంది చూసిన సంగతే ఇది. పశువుల డాక్టరు గారి బండి ఘాట్ ఎక్కుతోందని ఫోన్ వస్తే చాలు, చూడి ఆవుల్ని కొండ మీదికి తోలేస్తారు. "సూది వేస్తే ఈసుకుపోద్ది" అంటారు. శాలలో ముసలి ఎడ్లు, దూడలే మిగులుతాయి. కాగితంలో మాత్రం ఊరంతా టీకా అయిపోయినట్టే ఉంటుంది.

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే వాళ్లతో మేం ఏకీభవించం. మన ఇళ్లలో చాలాచోట్ల ఆవు పాల కోసం కాదు. రేపటి నాగలి ఎద్దు దాని కడుపులోంచి రావాలి. మెట్టకు పెంట కావాలి. ఆపద వస్తే సంతకు తోలడానికి ఒక పశువు ఉండాలి. ఒక చూడి పోతే ఆ ఇంటికి ఏడాది, ఏడాదిన్నర వెనక్కి పోయినట్టే. భయపడటంలో తప్పేముంది? అయితే ఆ భయం అసలు దొంగను వదిలేసి ఇంకొకర్ని పట్టుకుంటోంది. మా బాధ అదే.

మాలో ఒకరి ఊరిలో పోయిన ఏడు జరిగింది చెప్తాం. వానలకు ముందు గొంతువాపు టీకా వేశారు. వారం తిరక్కుండానే ఏడో నెల చూడి ఆవు ఈసుకుపోయింది. ఊరంతా సూదినే తిట్టింది. కానీ అదే నెలలో కొండకు తోలేసిన రెండు ఆవులు కూడా ఈసుకుపోయాయి. వాటికి సూదే పడలేదు! ఈ మాట ఎవరూ ఎత్తలేదు. రక్తం తీసి పరీక్ష చేసినవాళ్లు లేరు. పోయిన దూడను, మాయను వాగు ఒడ్డున పడేశారు. కుక్కలు ఈడ్చుకెళ్లాయి.

ఒక్కసారి నెలలు లెక్కేద్దాం. కోతలయ్యాక మేత బాగుంటుంది, ఆవులు ఎక్కువగా అప్పుడే ఎదకు వస్తాయి. కార్తీకంలో ఆంబోతు దాటిందనుకోండి. ఆవు మోసేది తొమ్మిది నెలల పైన కొద్ది రోజులు. వానలకు ముందు మే, జూన్‌లలో గొంతువాపు, జబ్బవాపు టీకాలు వచ్చేసరికి అది ఆరు, ఏడు నెలల చూడి. బ్రూసెల్లా రోగం ఉన్న ఆవు ఈసుకుపోయేది కూడా సాధారణంగా ఐదో నెల దాటాకే. అంటే టీకా వచ్చే కాలం, ఆ రోగం బయటపడే కాలం ఒకటే. ఎప్పుడు కట్టిందో రాసుకోని ఇంట్లో ఈ రెంటినీ విడదీసి చూసేదెలా?

టీకాలన్నీ ఒకటి కావు, ఇది కూడా తెలుసుకోవాలి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాల్లో ఉండేది చచ్చిన క్రిమి. ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసిన చోట వాపు రావచ్చు. నిండు చూడి ఆవును తరిమి, తాళ్లేసి కిందపడేస్తే ఆ బెదురుకే ప్రమాదం. అలాంటి ఆవుకు ఇప్పుడు వేయాలా, ఈనాక వేయాలా అన్నది డాక్టరు గారు చూసి చెప్పాలి. బ్రూసెల్లా టీకా మాత్రం బతికున్న క్రిమితో చేసింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకే, జీవితంలో ఒక్కసారి వేస్తారు. చూడి ఆవుకు, కోడెకు వేయకూడదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు, బ్రూసెల్లా టీకాలు రెండూ ఉచితం.

టీకా మానేస్తే జరిగేదీ చూశాం. గాలికుంటు వస్తే నోట్లో, గిట్టల్లో పుండ్లు పడి దుక్కి రోజుల్లో ఎద్దు లేవలేదు. ఆ జ్వరానికి చూడి కూడా పోవచ్చు. సూదికి దాచిన ఆవును రోగానికి అప్పజెప్పినట్టే కదా.

పశుసంవర్ధక శాఖను మేం అడిగేది పెద్దదేం కాదు. టీకా తేదీ వారం ముందే సంతలో చాటించండి. సూది పట్టుకునే ముందు "ఎన్నో నెల?" అని అడగండి. జ్వరం వస్తుందని ముందే చెప్పండి. ఊరిలో వరసగా ఆవులు ఈసుకుపోతే రక్తం తీసి పరీక్షకు పంపండి, ఫలితం మాకు చెప్పండి. చెవికి పోగు వేసి ఫోటో తీసుకుని వెళ్లిపోతే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

మనం చేయాల్సింది ఇంకా ఉంది. చదువుకున్న పిల్లలం ఇంటికి ఒకరం ఉన్నాం. పాత నోటుబుక్కు ఒకటి శాలలో వేలాడదీద్దాం. ఆవు ఎదకు వచ్చిన రోజు, ఆంబోతు దాటిన రోజు లేదా కృత్రిమ గర్భధారణ సూది వేయించిన రోజు, ఏ టీకా ఎప్పుడు పడిందో అన్నీ ఒకే పేజీలో రాద్దాం. 21 రోజులకు మళ్లీ ఎదకు వచ్చిందంటే కట్టలేదని తెలుస్తుంది. దాటించిన రోజుల్లోనే టీకా పడకుండా రెండు మూడు వారాల ఎడం అడగొచ్చు. ఆంబోతుకూ అంతే, జ్వరం వచ్చాక కొన్ని వారాలు దాని సత్తువ తగ్గొచ్చు. చుట్టుపక్కల రోగం వచ్చేసిందంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరు గారు చెప్పినట్టు చేయాలి.

ఇంకొకటి. ఈసుకుపోయిన దూడను, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. బ్రూసెల్లా మనుషులకూ అంటుతుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. చేతులకు తొడుగు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్న ఆడవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు.

పెద్దవాళ్లతో వాదించి గెలవాలని మేం చెప్పడం లేదు. తాతకు మన ఉపన్యాసం అక్కర్లేదు, ఏ ఆవు ఎన్నో నెలలో ఉందో రాసిన పేజీ కావాలి. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఆ పేజీ మొదలుపెడదాం.

జై ఆదివాసీ.