మాజీ సైనికుడికి అరకొర వైద్యమా?

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఆసుపత్రుల్లో సైకాలజిస్టుల కొరత మాట ఎత్తగానే రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. అర్హతలు సడలించండి, లేదా రోగుల్ని ప్రైవేటుకు పంపండి. రెండూ తప్పుడు సలహాలే. ఇచ్చేవారెవరూ 13 శాతం అనే అంకె జోలికి పోరు.

2014లో రాండ్ పరిశోధన సంస్థ అక్కడి సాధారణ ప్రజలకు మానసిక చికిత్స చేసే 522 మంది థెరపిస్టుల్ని సర్వే చేసింది. సైనిక జీవితం గురించి అవగాహన ఉందా, ఘోర అనుభవాల తర్వాత వెంటాడే మానసిక రుగ్మత పీటీఎస్‌డీకీ డిప్రెషన్‌కూ ఫలితం రుజువైన చికిత్సల్లో శిక్షణ పొందారా, వాటిని నిజంగా వాడుతున్నారా అని చూసింది. అన్నిటికీ నిలిచినవారు 13 శాతం. మిగిలిన 87 శాతం మందికీ లైసెన్సులున్నాయి, గోడ మీద పట్టాలున్నాయి. యుద్ధం నుంచి వచ్చిన మనిషికి చికిత్స చేసేంత సన్నద్ధత మాత్రం లేదు.

శాఖ ఏం అడుగుతోంది? గుర్తింపు పొందిన కోర్సులో సైకాలజీ డాక్టరేట్, ఇంటర్న్‌షిప్, రాష్ట్ర లైసెన్సు. ఇది డిగ్రీల మోజు అనేవారు చికిత్స ఎలా సాగుతుందో ఒకసారి చూడాలి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో రోగి కళ్లు మూసుకుని, పేలుడు జరిగిన ఆ పూటను ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. దాన్ని రికార్డు చేసి ఇంటికిస్తారు, అక్కడా వినాలి. అతను ఏ క్షణాన్ని గబగబా దాటేస్తున్నాడో పసిగట్టి సరిగ్గా అక్కడే అతణ్ణి నిలపడం థెరపిస్టు పని. అనుభవం లేనివారు కన్నీళ్లు చూడగానే బెదిరి ఆపేస్తారు. పైగా నిద్రలేమి, చిరాకు, మతిమరుపు తలకు తగిలిన దెబ్బ వల్లనా, పీటీఎస్‌డీ వల్లనా అన్నది తేల్చాలి. రెండింటి లక్షణాలూ ఒకేలా కనిపిస్తాయి.

2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంత ఘోరంలో పట్టాలు లెక్కిస్తూ కూర్చుంటారా అని నిలదీసేవారున్నారు. వారి ఆవేదన నిజమే. కానీ ఆ 13 శాతం మందిలో లేని థెరపిస్టు దగ్గరికి పంపడం చికిత్స అందించినట్టు ఎలా అవుతుంది?

1946లో కొరత ఇంతకన్నా తీవ్రం. రెండో ప్రపంచయుద్ధం నుంచి లక్షల మంది తిరిగొచ్చారు, క్లినికల్ సైకాలజిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. అప్పుడు శాఖ అర్హత దించలేదు. డాక్టరేట్ ఉండాల్సిందేనని చెప్పి, 22 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 200 మందికి జీతమిచ్చి సొంతంగా శిక్షణ మొదలుపెట్టింది. ఏ విశ్వవిద్యాలయాల్లో బోధన బాగుందో చెప్పమని శాఖ అడగబట్టే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కోర్సులకు గుర్తింపు ఇవ్వడం ప్రారంభించింది.

నిబంధనల్లో మొండితనం లేదని కాదు. ఒకే సంస్థ ముద్ర ఉంటేనే చదువు చదువని పట్టుబడితే మంచివారూ బయటే ఉండిపోతారు. మరో గుర్తింపు సంస్థను చేర్చుకుని శాఖ ఆ పట్టు కొంత సడలించింది. మాస్టర్స్ చదివిన కౌన్సెలర్లనూ 2010 నుంచి వారికి తగిన పనుల్లోకి తీసుకుంటోంది. తలుపులు మూసేశారన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఇది మనకు పరాయి గొడవ కాదు. సైనికుల ఊరుగా పేరొందిన మిలిటరీ మాధవరం ఉన్న నేల మనది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి గుర్తించిన అర్హత గానీ, ఎంఫిల్ గానీ ఉండాలి. ఆ ఎంఫిల్‌ను యూజీసీ రద్దుచేసి, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. దాని స్థానంలో వచ్చే కోర్సులో ఆసుపత్రి శిక్షణకు కోత పడితే అమెరికా సర్వే చెప్పిన జబ్బే మనకూ అంటుకుంటుంది.

మళ్లీ అమెరికాకు వస్తే, కొరతకు కారణం డిగ్రీ అని దబాయించేవారు శాఖ లెక్కలే చూడాలి. దాదాపు 30 వేల మంది సిబ్బందిని తగ్గించుకుంటామని 2025 జులైలో శాఖే ప్రకటించింది. మరుసటి నెలలోనే ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వచ్చింది. 57 శాతం కేంద్రాల్లో సైకాలజిస్టుల తీవ్ర కొరత! మనుషుల్ని తగ్గించుకునేదీ వారే, మనుషులు లేరని రోగిని బయటికి పంపేదీ వారే. అపాయింట్‌మెంట్ 20 రోజుల్లో దొరక్కపోతే ప్రైవేటుకు వెళ్లవచ్చని 2018 మిషన్ చట్టం కింద శాఖ పెట్టిన నిబంధన చెబుతోంది. అదే చట్టంలోని 133వ సెక్షన్ ప్రైవేటు వైద్యులకు ప్రమాణాలు పెట్టమని ఆదేశిస్తోంది. మొదటి నిబంధన గురించి గొంతు చించుకునేవారు రెండోదాని ఊసెత్తరెందుకు?

13 శాతం అన్న అంకె ముందున్నాక ఇంకా అర్హత తగ్గించమనడం బాధ్యతారాహిత్యం. అమెరికా కాంగ్రెస్ సభ్యులు చేయాల్సింది రెండే. శిక్షణ సీట్లకు నిధులు పెంచాలి. ప్రైవేటు థెరపిస్టుల జాబితాలో పేరు చేర్చే ముందు పీటీఎస్‌డీ చికిత్సలో శిక్షణ పొందినట్టు రుజువు అడగాలి.