ఇ20 పెట్రోలు, పాత కారు, చౌక ‘చిప్’ వైద్యం

బంకుకు వెళితే ఇప్పుడు ఇ20 తప్ప మరో మామూలు పెట్రోలు దొరకదు. యానాంలో లీటరు ధర పక్క జిల్లాల కన్నా తక్కువని కాకినాడ వైపు నుంచి బళ్ళు అక్కడికి వెళ్తుంటాయి గానీ, ఇథనాల్ పాలు మాత్రం అక్కడా అంతే. 2030 నాటికి చేరాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని కేంద్రం 2025-26కి ముందుకు జరిపింది, అనుకున్నట్టే చేరింది కూడా. ఇళ్ళలో ఉన్న కార్లు మాత్రం ఆ తొందరలో మారలేదు. సోలాపూర్, బరంపురం, హోసూరు, బళ్ళారి ఎక్కడైనా మన ఇళ్ళ ముందు పది పన్నెండేళ్ళ కార్లు కనబడుతూనే ఉంటాయి. అవి ఇ20ని దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవి కావు.

ఈ సందులోంచి ఒక బేరం పుట్టింది. ‘ఇంజను కంప్యూటరును ఇ20కి మార్చి ఇస్తాం, పోయిన మైలేజీ తిరిగి వస్తుంది’ అనే మాట మెకానిక్ షెడ్లలో వినిపిస్తోంది. కొంచెం ఎలక్ట్రానిక్స్ తెలిసిన కుర్రాళ్ళయితే ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు దొరికే చిప్ ప్రోగ్రామరు తెప్పించుకుని సొంతంగానే దిగుతున్నారు. దిగే ముందు ఇందులో ఎంత నిజముందో లెక్క చూసుకోవడం మంచిది.

ముందు మైలేజీ సంగతి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానికన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఇరవై పాళ్ళు కలిపితే, అసలు కలపని పెట్రోలుతో పోల్చినప్పుడు శక్తి ఏడు శాతం దాకా తగ్గుతుంది. మొన్నటిదాకా పోయించుకున్నది ఇ10 గనక, దానితో పోలిస్తే తేడా మూడున్నర శాతం చిల్లర. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ చెప్పిన అంకెలూ ఈ దరిదాపుల్లోనే ఉన్నాయి. ఇ10కి తయారై ఇ20కి సరిచేసిన కార్లలో 1-2 శాతం, మిగతా వాటిలో 3-6 శాతం తగ్గవచ్చన్నది ఆ శాఖ మాట. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కాబట్టి ఈ నష్టం మన నెత్తినే ఉంటుంది. ఇంధనంలో లేని శక్తిని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

‘ఇ20కి గాలి, ఇంధనం పాళ్ళు మారతాయి కదా, దానికైనా మార్చాలి’ అంటారు. పాళ్ళు మారే మాట నిజమే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఇ20కి ఇంచుమించు 13.5. అంటే అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ చల్లాలి. అయితే ఆ పని కారు తనంతట తానే చేసుకుంటుంది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు మిగిలిన ఆక్సిజన్‌ను చూసి ఈసీయూకి చెబుతుంది, ఈసీయూ ఇంజెక్టరును ఇంకాస్త సేపు తెరిచి ఉంచుతుంది. ఇ10 నుంచి ఇ20కి కావలసిన సవరణ నాలుగైదు శాతం. ఈసీయూకి మామూలుగా ఉండే సవరణ వెసులుబాటు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. సెన్సరు చెడిపోయి ఉంటే వేరే సంగతి. అప్పుడు మార్చవలసింది సెన్సరును, ప్రోగ్రామును కాదు. ఇక కార్బురేటరు బళ్ళలో ఈసీయూ అనేదే లేదు, వాటికి జెట్టు మార్చుకోవడమే దారి.

అసలు ఇబ్బంది రబ్బరులో ఉంది. పాత గొట్టాలు, సీళ్ళు, గ్యాస్కెట్లలో కొన్ని ఇథనాల్‌కు ఉబ్బుతాయి, పెళుసెక్కుతాయి. కొన్ని పాత బళ్ళలో ఇరవై ముప్ఫై వేల కిలోమీటర్లు నడిచాక రబ్బరు భాగాలు మార్చుకోవలసి రావచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది, అందుకే నెలల తరబడి నిలిపి ఉంచే కారు ట్యాంకులో తుప్పు భయం ఎక్కువ. చిప్‌లో ఏ అంకె దిద్దినా ఈ రెండూ నయం కావు. షెడ్డులో డబ్బు పెట్టేట్టయితే ముందు గొట్టాలకు పెట్టాలి.

ట్యూనింగు వల్ల అసలేమీ రాదని కాదు. మన ఇ20 ఆక్టేన్ అంకె 95, పాత మామూలు పెట్రోలుది 91. ఆక్టేన్ పెరిగితే ఇంజను కొట్టుకోకుండా స్పార్కును ఇంకొంచెం ముందుకు జరపవచ్చు, దానివల్ల పోయినదాంట్లో కొంత తిరిగి రాబట్టవచ్చు. అది డైనమోమీటరు మీద కారును పెట్టి, నాక్ సెన్సరు సంకేతాన్ని చూస్తూ ఒక్కొక్క డిగ్రీ మార్చే పని. టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజనులో ఎంత బాగా చేసినా లాభం కొద్ది శాతమే. ట్యూనింగుకు పేరొచ్చింది టర్బో డీజిళ్ళ వల్ల. అక్కడ టర్బో ఒత్తిడి పెంచితే ఇరవై శాతానికి పైగా బలం వస్తుంది, ఆ బలానికి సరిపోని క్లచ్చు, టర్బో తొందరగా అరుగుతాయి. డీజిల్ కారు చూసి వచ్చిన ఆశను పెట్రోలు కారు మీద పెట్టుకోవడం దండగ.

ఇక ఆ చౌక పరికరం. పాత ఈసీయూల్లో ప్రోగ్రాము 27సి256 లాంటి చిప్‌లో ఉండేది. నడినెత్తిన గాజు కిటికీ ఉండే ఆ చిప్‌ను ఊడదీసి, అతినీలలోహిత దీపం కింద చెరిపి, టీఎల్866 లాంటి ప్రోగ్రామరులో పెట్టి మళ్ళీ రాసేవారు. ఆ తరానికి చౌక పరికరం నిజంగానే చాలు. తరువాతి కార్లలో ఫ్లాష్ మెమరీ ప్రాసెసరులోనే కలిసిపోయింది. అక్కడికి వెళ్ళే దారి స్టీరింగు కింది ఓబీడీ సాకెట్, లేదా ఈసీయూ పెట్టె పగలగొట్టి లోపలి బోర్డు. ఇందుకు ఇటలీ కంపెనీ ఏలియన్‌టెక్ తయారు చేసిన కెస్, కె-ట్యాగ్ పరికరాలున్నాయి. బజారులో చౌకగా తిరిగేవి ఎక్కువగా వాటి నకళ్ళు.

రాసేటప్పుడు మధ్యలో బ్యాటరీ వోల్టేజి పడిపోతే ఈసీయూ మొద్దుబారిపోతుంది, కారు కదలదు. అంకెలు మార్చాక చెక్‌సమ్ సరిచేయకపోయినా అంతే. సీహెచ్341ఏ అనే నల్ల బోర్డు బాగా చౌక. కానీ దానిమీద 3.3 వోల్టుల చిప్ పెట్టినా సంకేతపు తీగల్లో 5 వోల్టులు వస్తాయన్న లోపం ఎలక్ట్రానిక్స్ వాళ్ళందరికీ తెలిసిందే, దిద్దుకోకుండా వాడితే చిప్‌కు ముప్పు. ఇమ్మొబిలైజరు వివరాలు ఉండే చిన్న ఈఈప్రామ్ చెరిగిపోతే, తాళంచెవి చేతిలో ఉండగానే కారు స్టార్టు కాదు. పని తెలిసినవాడు చెయ్యి వేసే ముందు ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ళూ ఒకటేనా అని పోల్చి, ఒక నకలు యజమాని చేతికిస్తాడు. అడిగినా ఆ నకలు ఇవ్వనివాడికి కారు అప్పగించకూడదు.

ఇదే ప్రోగ్రామరు ఇంకొక పనికీ వాడతారు, దానివల్ల ట్యూనింగు జోలికే పోనివాళ్ళు కూడా నష్టపోతున్నారు. చాలా కార్ల డ్యాష్‌బోర్డులో కిలోమీటర్ల అంకె 24సి లేదా 93సి వరస ఈఈప్రామ్‌లోనే ఉంటుంది. లక్షా నలభై వేలు తిరిగిన బండిని అరవై వేలకు దించడానికి అరగంట చాలు. పెద్ద ఊళ్ళ నుంచి సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకునే మనవాళ్ళు మీటరును నమ్మడం మానేసి, కంపెనీ సర్వీసు సెంటరులో నమోదైన కిలోమీటర్లను, బీమా కాగితాలను, పెడల్ రబ్బరు అరుగుదలను చూడాలి.

చట్టం సంగతి కొంత తికమకగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పు అంటే బండి నిర్మాణంలో మార్పు అంటుంది, సాఫ్ట్‌వేరు ఊసు ఎత్తదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది సవరణతో 182ఎ సెక్షను కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ వచ్చాయి. పొగ హద్దు దాటితే 190(2) వేరే ఉంది. తనిఖీ మాత్రం పేరుకే. పొల్యూషన్ సర్టిఫికెట్టు ఇచ్చేవాడు ప్రోగ్రాము చూడడు, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవడు. వోక్స్‌వ్యాగన్ డీజిళ్ళ బాగోతం 2015లో అమెరికాలో బయటపడింది గానీ మన పీయూసీ యంత్రాల్లో కాదు. ఆ సాఫ్ట్‌వేరు కోసమే ఆ కంపెనీ ఇక్కడ 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్లు కట్టమంటే, మేలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

షెడ్డు కుర్రాడి కుతూహలాన్ని తప్పు పట్టలేం. తెలుగింటి బిడ్డ, కోయంబత్తూరు జి.డి. నాయుడు రడ్జ్ మోటారు సైకిలు కొని, విప్పి, మళ్ళీ బిగించే మెకానిక్ అయ్యాడు. ఆ ఊరి రేసు ట్రాకుకు పేరిచ్చిన కరివర్ధన్ మారుతి ఇంజన్లతో రేసు కార్లు కట్టాడు. తేడా ఏమిటంటే, రేసు కారు ట్రాకు మీదే తిరుగుతుంది, చెడితే నష్టం కట్టినవాడిదే. మన కారులో పెళ్ళాం పిల్లలు ఎక్కుతారు, వారంటీ, బీమా కాగితాలు దానిమీద ఉంటాయి.

నిలదీయవలసింది కంపెనీలను. ప్రతి మోడలు అసలు మ్యాపూ వాళ్ళ దగ్గరే ఉంది, దాన్ని ఎక్కించే పరికరం ప్రతి సర్వీసు సెంటరులోనూ ఉంది. పాత మోడళ్ళలో దేనికి ఇ20 సవరణ పనికొస్తుందో, దేనికి గొట్టాలు మార్చాలో, ఖర్చెంతో జాబితాగా ప్రకటించడం వాళ్ళకు కష్టం కాదు. ఇంధనాన్ని మార్చిన ప్రభుత్వం ఆ జాబితా అడిగి తీసుకోవాలి. అది వచ్చేలోగా సర్వీసుకు ఇచ్చినప్పుడు జాబ్ కార్డు మీద ‘ఇ20కి తగిన ఇంధన గొట్టాలు ఉన్నాయా’ అన్న ప్రశ్న రాయించండి, జవాబు కాగితం మీదే తీసుకోండి.