సౌదీ నుంచి వచ్చేసరికి సొంతిల్లు ఖాళీగా దొరుకుతుందా?

హైదరాబాద్‌లో టోలీచౌకి, మెహదీపట్నం, అత్తాపూర్ వైపు గల్లీల్లో తిరిగితే గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లు, కొన్న ఫ్లాట్లు చాలానే కనిపిస్తాయి. ఓనర్ రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు, ఇంట్లో కిరాయిదారులు ఉంటారు. "ఇన్షా అల్లాహ్, వచ్చేశాక మనమే ఉందాం, అప్పటిదాకా కిరాయి వస్తుంది కదా" అన్నది లెక్క. కర్నూలు, కడప, నిజామాబాద్‌లోనూ ఇలాంటి కుటుంబాలు తక్కువేం లేవు. లెక్క మంచిదే. చిక్కల్లా ఆ "వచ్చేశాక" అన్న మాట దగ్గరే ఉంది.

ప్రభుత్వ ఉద్యోగికి రిటైర్మెంట్ తేదీ ఏళ్ల ముందే తెలుస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి అలా కాదు. ఇఖామా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. కంపెనీ వద్దంటే కొన్ని వారాల్లో సామాను సర్దుకోవాలి. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద ఫీజు మొదలైంది. తలకు నెలకు 100 రియాళ్లతో మొదలై, ఏటా 100 పెరిగి, 2020 నాటికి 400కి చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1600 రియాళ్లు అన్నమాట. ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు అనుకోకుండా తిరిగొచ్చాయి. అలా వచ్చినప్పుడు సొంతింట్లో కిరాయిదారు ఉంటే, ఆ ఇంటి ఓనరే ఇంకో ఇంటికి కిరాయి కట్టుకోవాలి.

మన దగ్గర అగ్రిమెంట్ అంటే 11 నెలలు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకునేందుకు ఈ 11 నెలల అలవాటు. అది ముగిశాక కొత్తది రాసుకునేవాళ్లు ఎంతమంది? కిరాయి వస్తోంది కదా అని వదిలేస్తారు. అప్పుడు అది నెలవారీ కిరాయి కిందికి వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. వినడానికి సులువే. కిరాయిదారు కదలకపోతే మాత్రం సివిల్ కోర్టుకెళ్లాలి, అక్కడ ఏళ్లు పట్టొచ్చు. "పన్నెండేళ్లుంటే ఇల్లు కిరాయిదారుదే" అన్న భయం మాత్రం అనవసరం. ఓనర్ అనుమతితో, కిరాయి కడుతూ ఉన్నవాడు కేవలం ఏళ్లు గడిచినంత మాత్రాన హక్కుదారు కాలేడు. కానీ కిరాయి కట్టినట్టు కాగితం ఉండాలి. పాస్‌బుక్ ఎంట్రీ లేని నగదు కిరాయి అక్కడే దెబ్బ తీస్తుంది.

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనన్సీ చట్టంలో గడువు దాటినా ఖాళీ చేయని కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు కిరాయి కట్టాలని ఉంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టం తెస్తేనే అమలవుతుంది.

ఇక ఇక్కడ ఇల్లు చూసుకునేది ఎవరు? ఎక్కువగా తమ్ముడో బావమరిదో. నోటి మాట మీదే నడుస్తుంది. కిరాయి డబ్బులో కొంత అమ్మీ మందులకు, కొంత రిపేర్లకు పోతుంది. పదేళ్ల తర్వాత లెక్క అడిగితే మనసులు విరుగుతాయి. తమ్ముడిని అనుమానించడం కాదు, ఆయన్ని కాపాడటానికే కాగితం కావాలి. కిరాయికి ఇవ్వడం, వసూలు చేయడం, నోటీసు పంపడం వరకే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలు. అమ్మే అధికారం కూడా ఉండే జనరల్ పవర్ ఇవ్వాల్సిన అవసరమే లేదు. అక్కడి ఇండియన్ ఎంబసీలో అటెస్ట్ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి.

చాలామందికి తెలియనిది పన్ను సంగతి. ఓనర్ ఎన్నారై అయితే, కిరాయి ఎంత చిన్నదైనా కిరాయిదారే టీడీఎస్ కోయాలి. సెస్‌తో కలిపి 31.2 శాతం. మామూలు ఓనర్‌కు కిరాయి కట్టే కుటుంబానికి నెలకు 50 వేలు దాటితేనే, అదీ 2 శాతమే. గల్లీలో ఎవరు కోస్తున్నారంటే జవాబు అందరికీ తెలుసు. కానీ నోటీసు వస్తే కట్టాల్సింది ఆ కిరాయిదారే.

నెలకు 20 వేల కిరాయి అనుకుందాం. ఏడాదికి 2,40,000. కోత 74,880. రిపేర్ల పేరుతో చట్టం ఇచ్చే 30 శాతం తీసేస్తే పన్ను లెక్కలోకి వచ్చేది 1,68,000. 2025-26లో కొత్త విధానం కింద 4 లక్షల వరకు పన్ను లేదు. దేశంలో వేరే ఆదాయం లేకపోతే కోసిన డబ్బంతా రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తీసుకునే దారీ ఉంది. అయితే "12 లక్షల దాకా పన్ను లేదట" అన్న మాట నమ్మొద్దు. ఆ రిబేట్ దేశంలో ఉండేవాళ్లకే, ఎన్నారైలకు రాదు. కిరాయి జమ కావాల్సింది ఎన్‌ఆర్‌వో ఖాతాలో.

పాతబస్తీలో ఇంకో పద్ధతి ఉంది, హెవీ డిపాజిట్. కొన్ని లక్షలు ఒకేసారి తీసుకుని కిరాయి లేకుండా ఇల్లిచ్చేస్తారు. చేతికి మొత్తం వస్తుంది కాబట్టి ఓనర్‌కు తీపిగానే ఉంటుంది. అప్పు ఇచ్చి దాని మీద లాభం పొందడం సూద్ కిందికి వస్తుందని చాలామంది ఉలమా దీన్ని అభ్యంతరపెడతారు. ఆ మాట పక్కన పెట్టి చూసినా, తిరిగొచ్చే రోజున ఆ లక్షలు చేతిలో ఉండాలి కదా! ఉద్యోగం పోయి వచ్చినవాడు అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తెస్తాడు? కూతురి పెళ్లికి వాడేసిన డిపాజిట్ తిరిగి ఇవ్వలేకపోతే కిరాయిదారు ఇల్లు ఎందుకు వదులుతాడు?

వచ్చే రెండు మూడేళ్లలో తిరిగి రావాలనుకునేవాళ్లు అగ్రిమెంట్ ముగిసే నెల కూడా చూసుకోవాలి. మన దగ్గర స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు. గడువు డిసెంబర్‌లో ముగిస్తే "పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగండి భాయ్" అంటాడు కిరాయిదారు, కాదనడమూ కష్టమే. ఏప్రిల్ చివరికి పెట్టుకుంటే ఇద్దరికీ నయం. రెండు నెలల ముందే నోటీసు రాసి పంపాలి. మే నెలలో రంగులు, ప్లంబింగ్ పని చేయించుకోవచ్చు. ఆ ఒక్క నెల కిరాయి పోతుందని వెనకాడేవాళ్లు ఉన్నారు. టోలీచౌకిలో ఇంకో ఇల్లు వెతుక్కుని, అడ్వాన్స్ కట్టి, సామాను రెండుసార్లు మోయించే ఖర్చు దానికంటే ఎక్కువే అవుతుంది.