తల్లి మీద రాసిన ఆడిట్ అభ్యంతరం

పోయిన దసరాకి మా మేనకోడలి ఇంట్లో జరిగిన సంగతి. వాళ్ళబ్బాయికి నాలుగేళ్ళు. ఆటిజం అని డాక్టర్లు తేల్చి ఆరు నెలలయింది. "గ్రహణం నాడు కూరలు తరిగింది, చెబితే విన్లేదు" అని వాళ్ళత్తగారు అందరి ముందూ అన్నారు. (గ్రహణం మొర్రి నుంచి గ్రహణానికి ఆటిజం దాకా ప్రమోషన్ వచ్చిందన్నమాట!) నాకు ఒళ్ళు మండి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతటితో ఊరుకోవలసింది. "అసలు కారణం సిజేరియన్ అయ్యుంటుంది. దానివల్ల 33 శాతం ఎక్కువని పరిశోధనే ఉంది" అన్నాను. హేతువాదిని కదా!

"లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోందన్నారు మామయ్యా. ఆపరేషన్ వద్దనాల్సిందా?" అంది ఆ అమ్మాయి.

ముప్పై నాలుగేళ్ళు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేశాను. వోచరు లేకుండా రూపాయి పాస్ చెయ్యలేదు. అలాంటి నేను పేపర్లో చదివిన ఒక్క అంకె పట్టుకుని ఒక తల్లి మీద రికవరీ రాసేశాను. కాబట్టి ఈ వ్యాసం అత్తగార్ల మీద కాదు, మనమీదే.

ఆ 33 శాతం అబద్ధం కాదు. 19 దేశాల్లో 2 కోట్ల పైచిలుకు కాన్పుల లెక్కలు కలిపి 2019లో ప్రకటించారు. కానీ దేని మీద 33 శాతం? వందకి ఒకరుండే చోట 1.3 అవుతుంది. అదైనా కత్తి వల్లేనా? స్వీడన్‌లో పుట్టిన సుమారు 27 లక్షల పిల్లల రికార్డులతో 2015లో వచ్చిన పరిశీలనలో, సిజేరియన్‌తో పుట్టిన బిడ్డని మామూలుగా పుట్టిన సొంత తోబుట్టువుతో పోల్చి చూశారు. తేడా మాయమైంది! అంటే సిజేరియన్ అవసరం తెచ్చిపెట్టే విషయాలూ, ఆ కుటుంబపు వంశపారంపర్యమూ ఆ అంకెలో కలిసిపోయి ఉన్నాయి. ఒక పద్దు కింద పడాల్సిన ఖర్చు ఇంకో పద్దులో చూపించడమే ఇది.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు గర్భిణులు పారాసెటమాల్ వేసుకోవద్దన్నాడు. మనవాళ్ళు కొందరు దాన్నీ పంచారు. 2024లో స్వీడన్‌లోనే 24.8 లక్షల పిల్లల మీద లెక్క చూశారు. పదేళ్ళ వయసుకి ఆటిజం, మందు వాడని తల్లుల పిల్లల్లో 1.33 శాతం, వాడినవాళ్ళ పిల్లల్లో 1.42. తోబుట్టువుల్ని పోల్చగానే ఆ కాస్తా పోయింది.

తల్లిని బోనెక్కించడం సైన్సు పేరుతోనూ జరిగింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకం రాసి మరీ తల్లిదండ్రుల, ముఖ్యంగా తల్లి, ప్రేమలేనితనమే కారణమన్నాడు. తీరా 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల పిల్లల లెక్కలు తీస్తే, ఆటిజం ఎవరికి వస్తుందన్న తేడాలో సుమారు 80 శాతం వంశపారంపర్యానిదే. తండ్రి వయసు పెరిగేకొద్దీ ముప్పు కొంత పెరుగుతుందని కూడా చాలా దేశాల లెక్కల్లో ఉంది. మా మేనకోడలి భర్త పెళ్ళినాటికే నలభై దాటాడు. ఆయన్నెవరూ అడగలేదు. (అడగమని కాదు నేననేది.)

నిజమైన ముప్పులు లేవా? ఉన్నాయి. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ మందు సంగతి 2013లో డెన్మార్క్ లెక్కల్లో తేలింది. గర్భంలో ఆ మందు తగిలిన పిల్లల్లో ఆటిజం 4.42 శాతం, మొత్తం పిల్లల్లో 1.53. ఆ మందు వాడేవారు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా ఆపేస్తే ఫిట్స్‌తో ప్రాణాలకే ముప్పు. నెలలు బాగా తక్కువగా పుట్టడం ఒకటి. గర్భంలో రుబెల్లా సోకడం ఇంకొకటి. ఆటిజం తెస్తుందని 1998 నుంచి నిందలు మోసిన టీకాయే ఆ రుబెల్లాని ఆపేది!

తెలంగాణలో 2019-21 సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. వాటిలో ముహూర్తం చూసి కోయించినవీ ఉన్నాయి. వాటి మీద పోరాడదాం. నెలలు నిండకుండా తీసిన బిడ్డకి ఊపిరి ఇబ్బందులు వస్తాయి, ఆ కారణం చాలు. దానికి ఆటిజం భయాన్ని అప్పు తెచ్చుకోనక్కర్లేదు.

అత్తగారితో గ్రహణం వాదన ఇంకా తెగలేదు. మేనకోడలికి మాత్రం ఫోన్ చేసి, తప్పు లెక్క చెప్పానమ్మా అన్నాను.