షౌక్ మీది, జహర్ మొహల్లాకి

మార్కాపురం, గిద్దలూరు కుర్రాళ్లలో కొందరికి సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు షౌక్ పట్టుకుంది. నల్లమల ఘాట్‌లో నంద్యాల వైపు బండి గర్జించాలి. అందుకు దొరికే మొదటి మష్వరా: "క్యాట్ కోసేయ్ భాయ్, ఖాళీ పైపు వేయ్." నేను దీనికి సఖ్త్ ఖిలాఫ్.

క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి దిమ్మ ఉంటుంది. దాని గదులకి ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్ లాంటి జహర్‌ని చాలావరకు అక్కడే విరిచేస్తుంది. సీసం తగిలితే ఆ పూత చచ్చిపోతుంది. 2000లో దేశమంతా సీసం పెట్రోలు ఆపడానికి అదీ ఒక వజహ్.

పాతది పోతే బయటి కన్వర్టర్ వేయండి, ఐబ్ లేదు. ధర కన్నా ముందు చదరపు అంగుళానికి ఎన్ని గదులో అడగండి. కారుతో వచ్చినవి సాధారణంగా 400, ఆ పైన. స్పోర్ట్స్ రకం 200 దాకా. గదులు తగ్గితే పొగకి దారి సులువు, సఫాయీకి జాగా తక్కువ. ఆక్సిజన్ సెన్సర్‌కి చోటుందో లేదో చూడండి. లేకుంటే ఇంజన్ లైటు ఆరదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో ఖామోష్ చేసే ఉస్తాదులున్నారు. అది రిపేరు కాదు, ధోకా. పాతది ఎందుకు పోయిందో కూడా తేల్చుకోండి. ఇంజన్ మిస్ కొడుతుంటే, ఆయిల్ తాగుతుంటే, కొత్తదీ దక్కదు.

చట్టమూ ఉంది: 2019 సవరణతో కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల దాకా జుర్మానా, మూడు నెలల దాకా జైలు. అయినా, దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో పలకల ఊరు మార్కాపురానికి ఒకరు చెప్పాలా? ఖాళీ పైపు పొగ ముందు మింగేది ఏసీ కారులో ఉన్న జనాబ్ కాదు, వెనక ఆటోలో బడికెళ్లే పిల్లలు.