నోరు విప్పడమూ నేర్పాలి

కిందటేడు మా అత్తగారిని ఆస్పత్రిలో చేర్చాం. ఫలానా ఇంజెక్షన్ తనకు పడదని, ఇదివరకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయని రాత్రి డ్యూటీలో ఉన్న నర్సింగ్ విద్యార్థినికి ఆవిడ చెప్పారు. పొద్దున రౌండ్స్‌లో డాక్టరుగారు ఆ మందే రాస్తుంటే ఆ పిల్ల చేతులు కట్టుకు నిలబడింది. నేనే కల్పించుకుని చెప్పాను.

"ఎందుకు ఊరుకున్నావమ్మా?" అంటే, "డాక్టరుగారికి మేం చెప్పడం ఏం బావుంటుందాంటీ?" అంది.

తప్పు ఆ అమ్మాయిదా? మెడికోలు ఒకచోట, నర్సులు ఒకచోట, ఫార్మసీ వాళ్లు ఇంకోచోట చదువుకుంటారు. అందరూ కలిసేది రోగి మంచం దగ్గరే!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టు ప్రకారం, కోత పెట్టేముందు డాక్టర్లు, నర్సులు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలి. ఒకసారి మాట కలిస్తే తర్వాత తేడా కనిపించినా చెప్పడానికి జంకు ఉండదు. వేర్వేరు వైద్యవృత్తుల విద్యార్థులు కలిసి నేర్చుకోవాలని 2010లో అదే సంస్థ చెప్పింది. మన నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బీఎస్సీ సిలబస్‌లోనూ జట్టుగా పనిచేయడం ముఖ్యమైన నైపుణ్యమే.

కాగితం మీద ఉంటే చాలదు. ఒకే కేసును వీళ్లంతా కలిసి చర్చించే క్లాసు వారానికొకటైనా ఉండాలి. "సార్, ఈవిడకి ఆ మందు పడదు" అనడం నర్సుకి నేర్పాలి. ఆ మాట వినడం కాబోయే డాక్టరుకీ నేర్పాలి.

అన్నట్టు, "పెద్దవాళ్ల మధ్య నువ్వు మాట్లాడకు" అని ఆడపిల్లల నోరు మూయించేది మనమే కదూ? ముందు అది మానేద్దాం.